ఆ కథ ఆ అమ్మాయిది, ఎవరికి చెప్పాలో తననే అడగండి

నెల్లూరు నుంచి ఒక లెక్చరర్ గారు రాసిన ఉత్తరం ఇది. చేత్తో రాసింది, తొమ్మిది పేజీలు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలోని అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

ఆమె వయసు నలభై ఆరు. ఊరి చివర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతారు. అక్కడ చదివే విదేశీ విద్యార్థుల బాగోగులూ ఆమే చూస్తారు. భర్తది బ్యాంకు ఉద్యోగం, కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మేడ మీద గదిలో సూడాన్ అమ్మాయి ఒకతె రెండేళ్లుగా అద్దెకుంటోంది.

ఆ అమ్మాయి 2022లో బీఫార్మసీలో చేరింది. మరుసటేడు మార్చిలో రంజాన్ నెలకని ఇంటికి వెళ్లింది. నైలు నదికి ఒక ఒడ్డున రాజధాని ఖార్టూమ్, ఇంకో ఒడ్డున వీళ్ల ఊరు ఓమ్‌దుర్మాన్. 2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. ఊరు విడిచి పారిపోతుంటే దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర వాళ్ల నాన్నను బస్సులోంచి దించేశారు. ఆయన ఏమయ్యాడో ఇవాళ్టిదాకా తెలియదు. తల్లీకూతుళ్లు పోర్ట్ సూడాన్ చేరారు. అక్కణ్ణుంచి తల్లి ఈజిప్టు రాజధాని కైరోలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లింది, కూతురు సెప్టెంబరులో నెల్లూరు తిరిగొచ్చింది. హాస్టల్లో అర్ధరాత్రి కేకలు పెడుతోందని రూమ్మేట్లు గొడవ చేస్తే లెక్చరర్ గారే తమ మేడ మీదికి తెచ్చుకున్నారు.

"మొదట్లో బాగానే గడిచింది" అని రాశారు. అత్తగారికి ఇంగ్లిష్ రాదు, ఆ పిల్లకు అప్పట్లో తెలుగు రెండు ముక్కలే. అయినా ఇద్దరికీ జత కుదిరింది. ఒకరోజు ఆ అమ్మాయి జొన్నపిండి పులియబెట్టి, దోసెల పెనం మీద పల్చగా లాగి, కాగితంలాంటి అట్టు తీసింది. వాళ్ల దేశంలో దాన్ని కిస్రా అంటారట. అత్తగారు అది చేపల పులుసులో ముంచుకుని తిని, "మా అమ్మ పోసే జొన్నట్టు ఇదే గదా" అన్నారట. 2025 జూలైలో రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్తే, వాళ్ల నాన్న కోసం ఒక రొట్టె పట్టుకుని నీళ్లలో చాలాసేపు నిలబడిందట.

దీపావళితో అంతా తారుమారైంది. అక్టోబరు 20 రాత్రి వీధిలో టపాసులు మొదలయ్యేసరికి మంచం కింద దూరి తెల్లారేదాకా బయటికి రాలేదు. 26న సూడాన్ పడమటి ప్రాంతమైన డార్ఫర్‌లోని అల్ ఫాషర్ నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కింది. అక్కడున్న మేనత్త ఫోను ఆరోజు నుంచీ పలకడం లేదు. నవంబరు మొదటి వారంలో వీసా వివరాల కోసం యూనిఫాంలో ఒక కానిస్టేబుల్ వచ్చారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. అమ్మాయికి గొంతు పెగలకపోతే లెక్చరర్ గారే పక్కన నిలబడి అన్నిటికీ జవాబు చెప్పారు, ఆయన అడగని నాన్న సంగతితో సహా. అది వింటూ ఆ పిల్ల గోడకానుకుని కూలబడింది. తర్వాత ఒక ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. గదిలో నలుగురు పీజీ విద్యార్థులున్నారు. "ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు" అన్నారు. చెప్పింది. ఆ తర్వాత మూడు రాత్రులు కన్ను మూయలేదు. నిద్రమాత్రలు రాసిచ్చారు. ఈలోగా కాలేజీవాళ్లు డిసెంబరు ఫంక్షన్‌లో స్టేజీ మీద తన అనుభవాలు చెప్పమని అడిగారు. ఇప్పుడా అమ్మాయి భోజనానికి కిందికి రావడం లేదు. గిన్నె మెట్ల మీద పెడితే తీసుకుంటోంది. ఒక్కసారి మాత్రం, "నేనూ అక్కడే ఉండిపోవాల్సింది మేడం" అన్నది.

వచ్చే వేసవికి కోర్సు అయిపోతుంది. వీసా అప్పటిదాకానే. పాస్‌పోర్టుకీ గడువు దగ్గరపడుతోంది. భర్త చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు. "ఖార్టూమ్ మళ్లీ సైన్యం చేతికొచ్చిందటగా, ఇంక వెళ్లిపోవచ్చుగా, మనకెందుకొచ్చిన గొడవ" అంటున్నాడు. ఆమె చివరి పేజీలో ఇలా రాశారు: "నాకూ నిద్ర లేదు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతున్నాను. మా వాడు డౌట్ అడిగితే కసురుతున్నాను. నేను మాట్లాడి ఆ పిల్లకు హాని చేశానా? డాక్టరు దగ్గరికి బలవంతంగానైనా తీసుకెళ్లాలా? మన దేశంలో ఆశ్రయం కోసం అప్లై చేయించాలా? వేరే చోటికి పంపేయాలా?"

అమ్మా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నల కంటే ముందు మీరు అడగని దాని గురించి చెప్పాలి. "నేనూ అక్కడే ఉండిపోవాల్సింది" అన్న మాట. అది నాన్నను వదిలి వచ్చానన్న బాధ కావచ్చు. బతికి బయటపడ్డ చాలామందిలో ఆ బాధ ఉంటుంది. చచ్చిపోవాలన్న ఆలోచన కూడా కావచ్చు. రెండిట్లో ఏదో మనం ఊహించి తేల్చుకోకూడదు, అడగాలి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా, తలుపు దగ్గర నిలబడి కాకుండా కూర్చుని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు, అడిగినందుకు మనిషికి ఊపిరి తిరుగుతుంది. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించానని చెబితే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. నిద్రమాత్రల పట్టీ ఆమెకు చెప్పే మీ దగ్గర పెట్టుకుని రోజుకి ఎంతో అంత ఇవ్వండి. అవసరమైతే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అంతదూరం రాకపోయినా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరు మీ ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. దానికి మీరు కూడా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

ఇక, హాని చేశానా అన్నది. కొంత చేశారు. మీకు అబద్ధం చెప్పను. కానీ అది సరిదిద్దుకోలేని హాని కాదు, అలాంటిది నేనూ చేశాను. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ప్రకాశం జిల్లా తీరంలో ఒక పట్టపుపాలెంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, నెలన్నర పనిచేశాను. అప్పటికే నాలుగు బృందాలు వచ్చి వెళ్లాయి, మాది ఐదోది. ఒక తల్లి దగ్గర కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే, బడిపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు, కొడుకు చెయ్యి ఎలా జారిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. చూపు ఎక్కడో ఉంది. చెప్పడం అయ్యాక, "బియ్యం ఎప్పుడిస్తారు?" అని అడిగింది. చెబితేనే బియ్యం ఇస్తారనుకుంది ఆమె. ఎందుకనుకోదు? వచ్చినవాళ్లంతా ముందు అదే అడిగారు. నేను ఆ రోజు నోట్‌బుక్ మూసేశాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎవరినీ మొదటి పూట "ఏం జరిగింది" అని అడగలేదు.

మీ మేడ మీది అమ్మాయి పరిస్థితీ అదే. కాలేజీకి చెప్పింది, హాస్టల్‌కి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, పోలీసాయనకి మీరు చెప్పారు, ఇప్పుడు స్టేజీ మీద చెప్పమంటున్నారు. రేపు లాయరు, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితివాళ్లు. అడిగిన ప్రతిసారీ ఆ బస్సు మళ్లీ ఆగుతుంది, నాన్న మళ్లీ దిగుతాడు. బాధ చెప్పుకుంటే తగ్గుతుందని మనం అనుకుంటాం. నమ్మిన మనిషి దగ్గర, తనకు చెప్పాలనిపించినప్పుడు చెప్పుకుంటే తగ్గుతుంది. ఇంకొకరి అవసరం కోసం, వాళ్లు అడిగిన వరసలో చెబితే పుండు మళ్లీ రేగుతుంది. జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించే పద్ధతి వల్ల మేలు లేదనీ, అది చేయొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే రాసింది.

ఇందులో మీరు గమనించాల్సిన ఆచరణ విషయం ఒకటుంది. యుద్ధం చూసిన మనిషి జ్ఞాపకం వరసగా ఉండదు. తేదీలు తారుమారవుతాయి, బస్సు రంగు గుర్తుంటుంది గానీ వారం గుర్తుండదు. ఒక్కోచోట ఒక్కోలా చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ ఆసుపత్రి చీటీలో ఒకలా, కాలేజీ లెటర్‌లో ఇంకోలా, పోలీసు కాగితంలో మరోలా ఉంటే, రేపు ఆశ్రయం దరఖాస్తు చూసే అధికారికి ఏది నిజమన్న అనుమానం రావచ్చు. కాబట్టి కథ ఎన్ని కాగితాల మీదికి ఎక్కితే ఆమెకు అంత నష్టం. పొరపాటున కూడా మీరు కూర్చోబెట్టి "ఇలా చెప్పు, ఈ తేదీ చెప్పు" అని తర్ఫీదు ఇవ్వకండి. లెక్చరర్లకు ఆ అలవాటు ఉంటుంది, ప్రేమతోనే చేస్తారు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి.

మరి ఇన్ని ఆఫీసులతో పని ఎలా నడపాలి? ఆమెతో కలిసి ఒక్క పేజీ కాగితం రాయండి. ఎవరికి ఏ సంగతి తెలియాలో ఆమే చెప్పాలి. పోలీసులకు కావలసింది పాస్‌పోర్టు, వీసా, చిరునామా, కాలేజీ ధ్రువపత్రం. నాన్న సంగతి వాళ్లు అడగలేదు గదా, మీరే చెప్పారు. కాలేజీకి తెలియాల్సింది, ఆమెకు పరీక్ష హాల్లో తలుపు దగ్గర సీటు కావాలని, పెద్ద శబ్దాలుంటే ముందే చెప్పాలని. ఎందుకు అన్నది వాళ్లకు అనవసరం. డాక్టరుకు నిద్ర, తిండి, పీడకలలు, గుండెదడ చెబితే మొదటిసారికి చాలు. మొత్తం కథ అవసరమయ్యేది ఒక లాయరుకి, ఆశ్రయం ఇంటర్వ్యూ చేసే అధికారికి. ఆ ఇద్దరికీ కూడా ఆమె సిద్ధపడ్డాకే. ఆ కాగితం కింద ఆమె సంతకం పెట్టాలి, ఎప్పుడైనా మార్చుకోవచ్చని మీరు చెప్పాలి. ఎవరైనా ఎక్కువ అడిగితే "ఆమె అనుమతి ఇచ్చినంతవరకే చెప్పగలను" అనండి. ఒకటికి రెండుసార్లు అంటే అలవాటైపోతుంది.

పోలీసాయన విషయంలో ఇంకో చిన్న మాట. విదేశీయుల రిజిస్ట్రేషన్ జిల్లాలో ఎస్పీ గారి ఆఫీసు చూస్తుంది. వెరిఫికేషన్ ఆగదు, ఆగకూడదు కూడా. ఇంట్లో విదేశీయులను ఉంచుకున్నవాళ్లు 24 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన మీరు పాటించే ఉంటారు, ఆ రసీదు జాగ్రత్త. ఈసారి వచ్చేముందు ఫోన్ చేయమని, వీలైతే మహిళా కానిస్టేబుల్‌ని, యూనిఫాం లేకుండా పంపమని కాలేజీ తరఫున ఒక లెటర్ పెట్టండి. ఒప్పుకోవాలని ఏమీ లేదు. కానీ రేపు పదకొండింటికి ఫలానా ఆయన వస్తారు, పది నిమిషాలుంటారు, నేను పక్కనే ఉంటాను అని ముందు తెలిస్తేనే సగం భయం పోతుంది. ఆ అమ్మాయిని కూలదోసింది యూనిఫాం ఒక్కటే కాదు, చెప్పాపెట్టకుండా రావడం. ఆ చెక్‌పోస్టు కూడా చెప్పి రాలేదు.

ట్రామాను, అంటే మనసుకు తగిలిన పెద్ద గాయాన్ని, దృష్టిలో పెట్టుకుని సాయం చేయడం అని ఈ మధ్య ట్రైనింగుల్లో పెద్ద పెద్ద చార్టులు చూపిస్తారు. నేను చూసినంతలో దాని పని చాలావరకు ఇంత చిన్నది: ముందే చెప్పడం, అడిగి చేయడం, వద్దంటే ఆగడం, చెప్పిన టైముకి రావడం. డిసెంబరు 31 అర్ధరాత్రి వీధిలో మళ్లీ మోతలుంటాయి. ఇప్పుడే చెప్పండి. ఆ రాత్రి ఎక్కడ ఉండాలనుందో అడగండి. 2026 ఫిబ్రవరిలో రంజాన్ మొదలవుతుంది. యుద్ధం మొదలైంది రంజాన్ నెలలోనే, నాన్నతో చివరి ఇఫ్తార్లూ ఆ నెలలోనే. ఆ నెల ఆమెకు కష్టంగా ఉండొచ్చు, లేదా అదే ఆసరా కావచ్చు. మీరు సిద్ధంగా ఉంటే చాలు.

స్టేజీ సంగతి. మీరు సూటిగా అడగలేదు గానీ నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: వద్దు. ఒక్క ఫోన్ వీడియో వాట్సాప్‌లో తిరిగితే కైరోలో ఉన్న తల్లికి, ఎక్కడైనా బతికి ఉంటే నాన్నకి, మేనత్తకి ముప్పు రావచ్చు. అయినా నిర్ణయం ఆమెదే. అడిగేటప్పుడు "వద్దనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, నీ మార్కులకీ దీనికీ సంబంధం లేదు" అని ముందు చెప్పి అడగాలి. కాలేజీ దయమీద ఉన్నాననుకునే పిల్ల ప్రిన్సిపాల్ అడిగితే కాదనలేదు. కాదనగలిగే వీలు మీరు కల్పించాలి.

డాక్టరు దగ్గరికి బలవంతంగా మాత్రం తీసుకెళ్లకండి. ప్రాణాపాయం ఉంటే వేరు, అది పైన చెప్పాను. అలాగని డాక్టరే వద్దని వదిలేయకండి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. అదే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లడం ఒకటి. ఈసారి మీరు ముందు ఒక్కరే కలిసి, విద్యార్థులు లేకుండా, కథ అడగకుండా చూడమని కోరొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యం పొందే హక్కు, వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. దేశ పౌరులకే అనలేదు. చాలామంది డాక్టర్లు చెబితే వింటారు, ఓపీ రద్దీలో వాళ్లకు తట్టదంతే. రెండోది మహిళా డాక్టరునో క్లినికల్ సైకాలజిస్టునో వెతకడం. నెల్లూరులో దొరక్కపోతే తిరుపతి, చెన్నై. ప్రయాణం అలసట, ఖర్చు ఉంటాయి. కానీ తనను ఎరగని ఊళ్లో మాట్లాడటం కొందరికి తేలిక. మూడోది కొన్ని వారాలు ఆగడం. నిద్ర, తిండి కాస్త కుదుటపడితే ఆగినా నష్టం లేదు, బరువు తగ్గుతూ చదువు మానేస్తే ఆగకూడదు. ఇలాంటి గాయానికి పనిచేసే మాటల చికిత్సలున్నాయి. ట్రామా తర్వాతి ఆలోచనల తీరును మెల్లగా సరిచేసే సీబీటీ, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతి, రెండిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. వాటిలో శిక్షణ ఉందా అని సైకాలజిస్టును అడగడానికి మొహమాటపడకండి. మాత్రల గురించి ఫార్మసీ చెప్పే మీకు నేను చెప్పక్కర్లేదు. నిద్రమాత్ర ఈ గాయానికి మందు కాదు, కానీ హఠాత్తుగా ఆపించకండి, డాక్టరుతో మాట్లాడి తగ్గించండి.

అరబిక్ దుబాసీ కావాలంటే తోటి సూడాన్ విద్యార్థిని పిలుద్దామనిపిస్తుంది. ఆగండి. ఆ యుద్ధంలో ఎవరు ఎటు పక్కో మనకు తెలియదు. అదే కాలేజీ కుర్రాడైతే రేపు నలుగురికీ తెలుస్తుంది. దుబాసీ ఎవరైనా సరే, ఆమె సరేనన్న మనిషే అయ్యుండాలి.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ తొందరపాటూ ఆలస్యమూ రెండూ ప్రమాదమే. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అయినా రాజ్యాంగం 21వ అధికరణం కల్పించే రక్షణ విదేశీయులకూ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సూడాన్‌లాంటి పొరుగుకాని దేశాల నుంచి వచ్చినవాళ్ల దరఖాస్తులు ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అందరూ యూఎన్‌హెచ్‌సీఆర్ అనేది, చూస్తుంది. రిజిస్టర్ చేస్తారు, ఒక పత్రం ఇస్తారు, తర్వాత వివరంగా ఇంటర్వ్యూ ఉంటుంది. మహిళా అధికారి, మహిళా దుబాసీ కావాలని ముందే కోరొచ్చు. అంతా ఉచితం, డబ్బడిగేవాడు ఎవడైనా మోసగాడే. దీనివల్ల ఒక గుర్తింపు, అండ వస్తాయి. కానీ నిరీక్షణ నెలలు, ఏళ్లు పట్టొచ్చు, ఢిల్లీ ప్రయాణాలుంటాయి, పైగా ఆ పత్రం వీసా కాదు. వీసా బాధ వేరేగా ఉంటుంది. కేంద్ర హోంశాఖ 2011లో తెచ్చిన పద్ధతిలో, జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో హింస జరుగుతుందన్న భయం నిజమని తేలినవాళ్లకు దీర్ఘకాల వీసా సిఫారసు చేసే దారి ఉంది. అది పూర్తిగా ప్రభుత్వ నిర్ణయం.

ఇంకో దారి చదువు. ఎంఫార్మసీలో సీటు వస్తే విద్యార్థి వీసా పొడిగింపు అడగొచ్చు. ఊపిరి పీల్చుకోవడానికి రెండేళ్లు దొరుకుతాయి, తను ఎరిగిన జీవితం కొనసాగుతుంది. ఫీజు ఎవరు కడతారన్నది ప్రశ్న. పాస్‌పోర్టు గడువు ముగిస్తే ఇదీ చిక్కే. ఆ పాస్‌పోర్టు కోసం సూడాన్ ఎంబసీకి పరుగెత్తే ముందు లాయరును అడగండి. నా దేశం నన్ను కాపాడదు అని ఒక చేత్తో దరఖాస్తు పెట్టి, ఇంకో చేత్తో అదే దేశాన్ని పాస్‌పోర్టు అడిగితే ఎలా చూస్తారన్నది ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటుంది. తల్లి దగ్గరికి కైరో వెళ్లడం మనసుకి అన్నిటికన్నా దగ్గరి దారి. కానీ 2023 జూన్ నుంచి సూడాన్‌వాళ్లందరికీ ఈజిప్టు ముందస్తు వీసా తప్పనిసరి చేసింది. ఒకసారి వెళ్తే ఇక్కడికి తిరిగి రావడం కష్టం. మీవారు అన్నది కూడా కొట్టిపారేయను. 2025 మార్చిలో ఖార్టూమ్ సైన్యం చేతికొచ్చిన మాట నిజమే. కానీ అల్ ఫాషర్ పడింది ఆ తర్వాత ఏడు నెలలకి. యుద్ధం ఊరు మారిందంతే. ఇళ్లు విడిచినవాళ్లు కోటీ ఇరవై లక్షలకు పైనే అని లెక్కలు చెబుతున్నాయి.

ఏ దారైనా వీసా గడువు దాటకముందే పొడిగింపు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పడాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీయుల కొత్త చట్టంలో గడువు దాటి ఉంటే మూడేళ్లదాకా జైలు, మూడు లక్షలదాకా జరిమానా ఉన్నాయి. ఆ తేదీ గోడమీద క్యాలెండర్‌లో రాసి పెట్టండి. నెల్లూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ నంబరు 15100. ఆ లాయరుకు విదేశీయుల కేసులు కొత్తయితే యూఎన్‌హెచ్‌సీఆర్‌తో పనిచేసిన లాయర్లతో మాట్లాడమని కోరండి.

నాన్న గురించి "ఆయన తప్పకుండా వస్తారు" అని గానీ, "ఇంక మర్చిపో" అని గానీ ఎవరూ అనకుండా చూడండి. రెండూ ఆ పిల్లకు కత్తులే. రెడ్‌క్రాస్‌వాళ్లు యుద్ధాల్లో తప్పిపోయినవాళ్లను వెతికే పని దశాబ్దాలుగా చేస్తున్నారు, డబ్బు తీసుకోరు, ఢిల్లీలో వాళ్ల ఆఫీసుంది. దరఖాస్తు పెడితే జవాబు రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినది భరించలేనిదీ కావచ్చు. అందుకే తనకు ఎప్పుడనిపిస్తే అప్పుడు. కొందరికి దరఖాస్తు పెట్టడమే నాన్నకోసం ఏదో చేశానన్న ఊరట ఇస్తుంది.

ఇల్లు మార్పించాలా అన్నారు. మీ భయం నాకు అర్థమైంది. మీవాడి పరీక్షలు, మీవారి ఉద్యోగం, మీ నిద్ర. ఇవేవీ చిన్నవి కావు. హైదరాబాద్‌లో సూడాన్ విద్యార్థులు ఉన్నారు, అక్కడికి వెళ్తే భాష, తిండి, ప్రార్థన దొరుకుతాయి. కాలేజీ మాత్రం ఆగిపోతుంది. హాస్టల్‌కి పంపితే చదువు సాగుతుంది, రాత్రిళ్లు ఒంటరి. మీ దగ్గరే ఉంటే భద్రత ఉంటుంది, మీ ఇంటి మీద బరువూ ఉంటుంది. నేనైతే ఈ నెలలో మార్చను, ఎందుకంటే ఇప్పుడు పంపితే తను చెప్పినందుకే పంపారనుకుంటుంది. మార్చి పరీక్షల తర్వాత మీ నలుగురూ ఆమెతో కలిసి కూర్చుని మాట్లాడుకోవచ్చు. మీవారిని ఈ పనిలోకి పిలవండి. కాగితాలు, తేదీలు, ఆన్‌లైన్ దరఖాస్తులు బ్యాంకు మనిషికి బాగా వస్తాయి. చేతికి పని ఉంటే భయం తగ్గుతుంది.

కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతున్నారన్నారే, అది మీ బలహీనత కాదు. ఇంకొకరి భయాన్ని రోజూ మోసేవాళ్ల ఒంట్లోకి అది దిగుతుంది. నాకు ఆ పట్టపుపాలెం నుంచి వచ్చాక మూడు నెలలు నీళ్ల శబ్దం పడేది కాదు. మీకంటూ ఒక మనిషి కావాలి, వివరాలు చెప్పక్కర్లేకుండా "ఇవాళ కష్టంగా ఉంది" అనగలిగే మనిషి. అమ్మాయికి రోజూ ఒక వేళ చెప్పండి, సాయంత్రం ఏడు నుంచి అరగంట అనుకోండి. ఆ అరగంట తప్పకండి. మిగతా టైములో మీరు మీ కొడుక్కి అమ్మ. అర్ధరాత్రి మెట్లెక్కడం రోజూ మీరే చేయనక్కర్లేదు.

ఇక రేపు పైకి వెళ్లి ఏం మాట్లాడాలి? ముందు క్షమాపణ. "ఆరోజు నిన్ను అడక్కుండా నీ విషయం చెప్పేశాను. అది నీది, నేను చెప్పకూడదు. ఇకముందు నిన్ను అడిగే చెబుతాను." అంతే. ఎందుకలా చేశానో వివరించొద్దు, వివరిస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆ పిల్ల మీద పడుతుంది. ఆమె ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, దిగి వచ్చేయండి.

యుద్ధాలు చూసిన జనంలో ఐదుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్కగట్టింది. ఆ ఒకరికి డాక్టరు కావాలి. ఐదుగురికీ కావలసింది మాత్రం నిద్రపోయే చోటు, తినే తిండి, తన పేరు సరిగ్గా పలికే మనుషులు. అది మీ ఇంట్లో ఇప్పటికే ఉంది, ముఖ్యంగా మీ అత్తగారి దగ్గర. ఆమె ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదని మీ ఉత్తరంలో గమనించాను. మీరు దిగి వచ్చిన మర్నాడు ఆమెనే పైకి పంపండి, జొన్నపిండి గిన్నెతో, నీళ్లు ఎంత పోయాలో కనుక్కోవడానికి. వద్దంటే గిన్నె అక్కడే పెట్టి రమ్మనండి. సరేనంటే ఆ పిండి పులియడానికి ఒక రాత్రి పడుతుంది, మర్నాడు ఆదివారం అయ్యేలా చూసుకోండి.